నాలుగు చింతగింజలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వెలితిగా ఉన్న పాత్ర ఏదీ బయటివాళ్ళ కంట పడకూడదు. అది మా తాతయ్య పెట్టిన నియమం. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇస్తే లోటా అంచు దాకా ఉండాలి. బొరుగులు పెడితే పళ్ళెంలో గోపురంలా ఉండాలి. నిండుకుండ తొణకదని ఆయన రోజుకొకసారైనా అనేవారు. ఆ నియమాన్ని మా అవ్వ తన పద్ధతిలో నిలబెట్టేది. ముందుగదిలోంచి కనబడే బియ్యం డబ్బాలో అడుగంతా ఊక పోసి, పైన రెండు దోసిళ్ళ బియ్యం పరిచి, మూత తీసి ఉంచేది. ఆ డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉండేది. అందులోంచి ఎవరూ బియ్యం తీసేవాళ్ళు కాదు.

మాది పుంగనూరు పక్కన ఒక మెట్టపల్లె. అక్కడి మా ఇంటి గురించి ఎక్కువ చెప్పను. పోయినదాన్ని పొగుడుకోవడం చెయ్యి చాచడంతో సమానమని తాతయ్య అనేవారు, నాకూ అదే అలవాటైంది. నేను పుట్టేనాటికే పొలాలు పోయాయి. నాకు ఏడేళ్ళప్పుడు ఇల్లు కూడా పోయింది. మదనపల్లెలో ఒక మిద్దె మీద రెండు గదులు అద్దెకు తీసుకుని వచ్చేశాం. నాయన మండీలో గుమాస్తాగా కుదిరాడు. అమ్మ పట్టుదారం చుట్టే పనికి పోయేది. కోడలు ఏదని ఎవరన్నా అడిగితే పుట్టింటికి పోయిందని తాతయ్య చెప్పేవారు. పొద్దున పోయి సాయంత్రం తిరిగివచ్చే పుట్టిల్లు అది. అడిగినవాళ్ళకు సంగతి తెలుసు. తెలుసని తాతయ్యకూ తెలుసు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వెన్ను ఇసుమంత కూడా వంగేది కాదు.

ఆ ఇంటినుంచి మాతో వచ్చిన గొప్ప వస్తువు ఒకే ఒక్కటి, తలపాగా పెట్టె. మూరెడు పొడవు, జానెడున్నర ఎత్తు, నాలుగు వైపులా మందపాటి బెల్జియం అద్దాలు, పైన ఇత్తడి పిడి ఉన్న అద్దపు మూత. మా ముత్తాత తలపాగా అందులో ఉండేదట. నేను చూసేనాటికి తలపాగా లేదు. చెక్క చట్రం చెదలు తిని, అద్దాలు మాత్రం మిగిలాయి. తాతయ్య వాటిని పాత పంచెలో చుట్టి మంచం కింద పెట్టుకున్నారు. పండుగ ముందు తీసి తుడిచి, మళ్ళీ చుట్టిపెట్టేవారు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్ళ నాయనకు బజారులో పటాలు కట్టే అంగడి ఉండేది. దేవుళ్ళ పటాలకూ పెళ్ళిఫోటోలకూ అద్దాలు కోసి చట్రాలు బిగించేవాడు. ఒకప్పుడు ఆయన మా కళ్ళంలో చేట పట్టుకుని శెనక్కాయలు తూర్పారబట్టినవాడు. మదనపల్లెకు వచ్చి సొంత ఇల్లు కట్టుకున్నా, మా తాతయ్య వీధిలో కనబడితే అప్పటికీ అంగట్లోంచి లేచి నిలబడేవాడు. తాతయ్య తల కాస్త ఆడించి సాగిపోయేవారు. ఆ అంగడి మెట్టు మాత్రం ఏనాడూ ఎక్కలేదు.

అక్క ఇంట్లో ముందుగదిలో చేపల తొట్టి ఉండేది. మా మెట్ల మీద నాలుగో మెట్టు దగ్గర నిలబడితే వాళ్ళ కిటికీలోంచి అది కనబడుతుంది. నేను రోజూ బడినుంచి వచ్చి ఆ మెట్టు దగ్గర నిలబడిపోయేదాన్ని. పిలవని ఇంటికి పోకూడదన్నది కూడా మా ఇంటి నియమమే. ఒకరోజు అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏం పాపా, ఆడ నిలబడి కాళ్ళు నొప్పులు పుట్టలేదా? లోపలికొచ్చి సూడు."

"పిలిస్తే వస్తాను."

"ఇప్పుడు నేను చేసింది పిలవడం కాదా తల్లీ? తాంబూలం పెట్టి పిలవాల్నా?"

ఆ రోజునుంచి నా సాయంత్రాలు ఆ గదిలోనే గడిచాయి. ఆ తొట్టిలో ఉన్నవి గౌరామి చేపలు. మగదాని ఒంటి మీద ఎరుపు, నీలం చారలు పట్టుచీర అంచులా మెరిసేవి. ఆడది నీళ్ళు కలిపిన పాల రంగులో అణకువగా ఉండేది. వాటి గొంతు కింద మీసాల్లాంటి రెండు సన్నటి పోగులు ఉంటాయి. ఆ పోగులతో దారిలో వచ్చిన ప్రతి ఆకునూ రాయినీ తడిమి చూసిగానీ ముందుకు పోవు. కళ్ళు ఉండీ చేతులతో తడుముకుంటూ తిరిగే ఆ చేపలంటే నాకు ఎందుకో జాలి వేసేది.

ఆ ఏడాదే అక్కకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది. పోయేముందు నాకొక తొట్టి పెట్టించి పోతానంది. అద్దాలు కొనిస్తానంటే వద్దన్నాను. ఇంటికి వచ్చి తాతయ్యను తలపాగా పెట్టె అడిగాను. ఆయన రెండురోజులు జవాబు చెప్పలేదు. మూడోరోజు పొద్దున చూస్తే ముందుగది నేల మీద అద్దాలన్నీ తుడిచి వరసగా పేర్చి ఉన్నాయి. "ఖాళీగా ఉండేదానికన్నా ప్రాణముండేది పెట్టుకుంటే మేలు," అన్నారు.  ఆయన నాకు ఇచ్చిన వస్తువుల్లో అంత పెద్దది మరొకటి లేదు.

అక్క వాళ్ళ నాయన ఆ అద్దాలకు సరిపోయేలా ఇనుప చట్రం చేయించి, సందుల్లో లప్పం కూరి బిగించాడు. మూత మాత్రం చట్రం మీద వెంట్రుక పట్టేంత సందు కూడా లేకుండా కూర్చుంది. ఒక మూల కొంచెం కోసి ఇస్తానన్నాడు, చేపలకు గాలి ఆడటానికి. తాతయ్య ఒప్పుకోలేదు. "మూడు తరాలు కత్తి తగలని అద్దం అది," అని మాత్రం అన్నారు. పటాలంగడి ఆయన మూతను అలాగే దించి పెట్టాడు.

తొట్టి పెట్టడం అంటే నీళ్ళు పోసి చేపలు వదలడమే అనుకున్నాను. అక్క నాతో పదిరోజులు పనిచేయించింది. ఏటి ఇసుక తెచ్చి, బియ్యం కడిగినట్టు కడిగి, తేటనీళ్ళు వచ్చేదాకా పారబోయించింది. అడుగున వేలెడు మందం చెరువుమన్ను, దాని మీద ఇసుక. ఇసుక చెదరకుండా ఒక సత్తుపళ్ళెం బోర్లించి, దాని మీద చెంబుతో మెల్లగా నీళ్ళు పోయించింది. వెనకవైపు పొడుగాకుల నీటిగడ్డి, మూలల్లో గులకరాళ్ళకు దారంతో కట్టిన నాచు, పైన తేలడానికి రెండు అంతరతామర మొక్కలు. మొదటి మూడురోజులు నీళ్ళు కుడితిలా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. వేళ్ళు పట్టేదాకా ఓపిక పట్టమంది అక్క. వారం తిరిగేసరికి నీళ్ళు తేరాయి. పొడుగాకుల మధ్యనుంచి పొద్దుటి ఎండ పడినప్పుడు ఆ రెండు గదుల ఇంట్లో మొదటిసారి ఒక అందమైన మూల ఏర్పడింది. తాతయ్య తన కుర్చీని అటువైపు తిప్పుకున్నారు.

అక్క ఉద్యోగం సంగతి చూసుకోవడానికి కుప్పం పోయి వస్తూ చేపలు తెచ్చింది. అక్కడ స్టేషన్లో పనిచేసే వాళ్ళ మేనమామ బెంగళూరునుంచి రైల్లో తెప్పించిన జత అది. పలమనేరు, పుంగనూరు మీదుగా బస్సులో, సీసా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. చూస్తే సీసాలో సగమే నీళ్ళున్నాయి.

"దారిలో తొణికిపోయినాయా అక్కా?" అన్నాను.

"లేదు. సగమే పోసినాను," అంది. మా ఇంట్లో పెరిగినదాన్ని కదా, నాకది పిసినారితనంలా తోచింది.

చేపల్ని తొట్టిలో వదిలాక అక్క మా అవ్వనడిగి దోసెడు చింతగింజలు తెప్పించింది. నన్ను తొట్టి ముందు కూర్చోబెట్టి, చేప పైకి వచ్చి నోరు తెరిచినప్పుడల్లా ఒక గింజ తీసి పక్కన పెట్టమంది. అదొక ఆట అనుకుని మొదలుపెట్టాను. మగది పైకి వచ్చేది, నీటి అంచు దగ్గర చిన్న ముద్దులా నోరు విప్పి, ఒక బుడగ వదిలి కిందికి పోయేది. కాసేపటికి ఆడది. మళ్ళీ మగది. అక్క మా అవ్వతో కబుర్లు ముగించి వచ్చేసరికి నా పక్కన గింజలు కుప్పయ్యాయి.

"ఇన్నిసార్లు పైకి ఎందుకొస్తాండాయి, చెప్పు?"

"ఆడుకోడానికి."

"ఊపిరి తీసుకోడానికి పాపా. మిగతా చేపలట్లా కాదు ఇవి. ఈ జాతికి నీళ్ళొక్కటే సాలవు, గాలి కూడా కావాల. పైన సందు లేకుంటే నీళ్ళలోనే మునిగి సస్తాయి."

"చేప యాడన్నా మునుగుతాదా అక్కా!" అని పడీపడీ నవ్వాను. కుర్చీలో తాతయ్య కూడా నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ కుప్పలోంచి నాలుగు గింజలు ఏరి, చట్రం నాలుగు మూలలా ఒక్కొక్కటి పెట్టి, వాటి మీద మూత ఆనించింది. నీళ్ళు అంచుకు నాలుగువేళ్ళు కిందే ఉండాలంది. "ఈ నాలుగు గింజలు ఉండాయి సూడు, అవి వాటి ఊపిరి. నీ చేతిలో పెట్టి పోతాండాను," అంది. తాతయ్య వైపు కూడా తిరిగి ఒకసారి చూసింది. ఆయన తల ఆడించారు.

మర్నాడు అక్క కుప్పం పోయింది. రెండో శనివారం సెలవు కలిసొచ్చినప్పుడు ఆదివారం వస్తానని, అప్పటికి పిల్లలు పెడితే సగం తన బడిపిల్లలకు తీసుకుపోతానని చెప్పింది. ఆ ఆదివారం దాకా ఆ జతను కాపాడటం నా పని. అంతవరకు ఎవరూ నాకు ఏ పనీ నమ్మి అప్పగించలేదు.

ఆ ఆదివారానికి ముందు గురువారంనాడు మగచేప అంతరతామర ఆకు కింద బుడగలు పేర్చడం మొదలుపెట్టింది. నోటితో గాలి తెచ్చి, ఒక్కొక్క బుడగా ఊది అంటించేది. మధ్యమధ్య నాచుతునకలు కొరికి తెచ్చి వాటిలో అల్లేది. సాయంత్రానికి అరచేతి అంత నురుగుగూడు తయారైంది. శుక్రవారం అందులో గసగసాల్లాంటి గుడ్లు కనబడ్డాయి. గూడు కింద అది కాపలా తిరుగుతూ, జారిన గుడ్డును నోట కరిచి మళ్ళీ నురుగులో పెట్టేది. తాతయ్య పొద్దంతా కుర్చీలోంచి దాన్ని చూస్తూ ఉండిపోయారు. "సొంత ఊపిరితో ఇల్లు కట్టుకుంటాండాడు," అన్నారు అవ్వతో. ఆయన గొంతులో అంత మెత్తదనం నేను అంతకుముందు వినలేదు.

శనివారం పొద్దున కబురు వచ్చింది. మా పల్లెలో మా ఇల్లు కొన్నాయన, పుంగనూరులో బట్టల వ్యాపారి, భార్యతో సహా మధ్యాహ్నం వస్తున్నాడని. ఇల్లు బాగుచేయించి గృహప్రవేశం పెట్టుకున్నారట. పాత యజమానిని పిలవడం మర్యాద కదా.

ఆ కబురు విన్నాక మా ఇల్లు ఊపిరి బిగబట్టింది. అవ్వ బియ్యం డబ్బా సవరించింది. ఇత్తడి లోటాలకు చింతపండు పెట్టి తోమింది. తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని ముందుగది నాలుగు మూలలూ చూసుకుంటూ వచ్చి తొట్టి దగ్గర ఆగారు. నాలుగువేళ్ళ ఖాళీ వైపు, గింజల మీద ఎత్తుగా నిలబడిన మూత వైపు చూశారు.

"ఈ వెలితేంది పాపా? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? నిండా పొయ్యి."

ఎందుకు వెలితిగా ఉందో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను నోరు తెరిచాను, మూసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఖాళీ చూసి నాకూ సిగ్గుగానే ఉంది. వచ్చేది మా ఇంట్లో ఉండబోయేవాళ్ళు. చెంబుతో నీళ్ళు తెచ్చి అరచెయ్యి అడ్డం పెట్టి మెల్లగా పోశాను. నురుగుగూడు నీళ్ళతోపాటు మెల్లగా పైకి లేచింది. అంచు దాకా వచ్చాక నాలుగు గింజలూ ఏరి కిటికీలో వరసగా పెట్టి, మూత దించాను. నీళ్ళు అంచుల వెంట పొర్లాయి. నురుగు అద్దానికి ఒత్తుకుని పగిలి చెదిరిపోయింది. మళ్ళీ కట్టుకుంటాడులే అనుకున్నాను. పొర్లిన నీళ్ళు పొడిబట్టతో తుడిచాను. తొట్టి ఒకే గాజుదిమ్మలా మెరిసింది.

వాళ్ళు వచ్చారు. మజ్జిగ తాగారు. బట్టల వ్యాపారి చెడ్డవాడు కాదు, మాట మీద అదుపు లేనివాడు. తొట్టి చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది తలపాగా పెట్టె గదప్పా! మా నాయన చెప్తాండె. పాగా యాడికి పోయె?"

అవ్వ చేతిలో లోటా ఆగిపోయింది. తాతయ్య మాత్రం నవ్వారు. "తలకాయ ఈడనే ఉండాది గదప్పా. పాగాదేముంది," అన్నారు. వ్యాపారి కూడా పెద్దగా నవ్వేశాడు. ఆ జవాబు విని నా ఛాతీ పొంగిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

అతని భార్య తొట్టి ముందు వంగి చూస్తోంది. మగచేప పైకి వచ్చి మూత అద్దానికి నోరు ఆనించి, జరిగి, మళ్ళీ ఆనిస్తోంది. "అయ్యో సూడండి, అద్దానికి ముద్దులు పెడతాండాది!" అని ఆమె మురిసిపోయింది. "ఎంత నిండుగా ఉండాదమ్మా మీ తొట్టి." నేను కూడా ఆమె పక్కన నిలబడి చూశాను. ముద్దులేనని నమ్మాను.

వాళ్ళు మెట్లు దిగి పోయాక తాతయ్య కుర్చీలో వాలిపోయారు. కళ్ళు మూసుకునే, "ఇంక ఆ మూత తీసెయ్ పాపా, నీళ్ళు కొంచెం తోడెయ్. అక్క చెప్పింది గదా," అన్నారు. సరే తాతా అన్నాను.

తీయలేదు.

మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మరవలేదు. ఆ తొట్టి అంత నిండుగా, అంత గొప్పగా ఉండటం నేను మొదటిసారి చూశాను. సాయంత్రం మిద్దెలోని మిగతా అద్దెవాళ్ళు నీళ్ళ పంపు దగ్గరికి పోతూ మా గుమ్మంలోంచి చూస్తారు. వాళ్ళు కూడా చూడాలి. ఆ తర్వాత తీయవచ్చు. అమ్మ పనినుంచి వచ్చాక ఆమె చూడాలి. ఆ తర్వాత తీయవచ్చు. అలా అనుకుంటూ నిద్రపోయాను.

ఆదివారం పొద్దున లేచి చూసేసరికి ఆడచేప పొడుగాకుల మొదట్లో ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. మగది పైన, మూతకు ఆనుకుని, చెదిరిన నురుగు మధ్య నోరు తెరుచుకుని ఉంది. రంగులన్నీ కడిగేసినట్టు పోయాయి. మూత ఎత్తబోతే రాలేదు. నీళ్ళు దాన్ని కిందికి పట్టి ఉంచాయి. తాతయ్య వచ్చి తన గోటితో అంచు లేపి తీశారు. ఆయన నా వైపు చూశారు. కిటికీలో వరసగా ఉన్న గింజల వైపు చూశారు.  కండువా చెంగులో రెండింటినీ తీసుకుని, దిగువన ఉన్న తులసికోట పక్కన చేత్తోనే మన్ను తీసి పూడ్చి వచ్చారు. చేతులు కడుక్కోకుండానే కుర్చీలో కూర్చున్నారు.

అక్క వచ్చేసరికి పన్నెండు దాటింది. కుప్పంనుంచి మూడు బస్సులు మారి వచ్చింది. చేతిలో మూతకు చిల్లులు పెట్టిన సీసా ఉంది, పిల్లచేపల కోసం. మెట్లెక్కుతూనే "పాపా, గుడ్లు పెట్టినాయా?" అని అడుగుతూ వచ్చింది.

నేను తలుపు చాటున నిలబడ్డాను. చెప్పాల్సింది నేను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. అప్పుడు తాతయ్య కుర్చీలోంచి లేచారు. అక్క వాళ్ళ నాయన వచ్చినప్పుడు కూడా ఆయన లేచేవారు కాదు. అంతవరకు ఆమెను "ఆ పిల్ల" అనేవారు.

"అమ్మా, నీ చేపలు సచ్చిపోయినాయి. నిండా పోయించింది నేను. మూత మూసింది నేను. నువ్వు చెప్పింది తెలిసీ చేసినాను. తప్పు నాది," అన్నారు.

అని తల వంచారు.

మా వంశంలో ఎవరైనా తల వంచగా చూసిన మొదటి మనిషిని నేను. ఇల్లు అమ్మిననాడు కూడా ఆయన సంతకం పెట్టి నిటారుగా నడిచి వచ్చారని అవ్వ చెప్పేది. ఆయన చెప్పినవాటిలో నిండా పోయించారన్నది నిజం. మూత మూశారన్నది అబద్ధం. మూత తీయమని ఆయన చెప్పారు, తీయనిది నేను. నేను బయటికి రాలేదు. తలుపుచెక్కను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అక్క చాలాసేపు తొట్టి వైపు, కిటికీ వైపు చూసింది. "పోనీలే తాతా. మన చేతుల్లో ఉండాయా ప్రాణాలు," అంది.  ఖాళీ సీసాను కొంగు కిందికి పెట్టుకుంది.

"మీ నాయన అంగట్లో ఉండాడా?" అని తాతయ్య అడిగారు. ఉన్నాడనగానే ఆ మూతను కండువాలో చుట్టి చంకన పెట్టుకుని, ఎండలో బయలుదేరారు. నేనూ అక్కా వెనకే నడిచాం. పటాలంగడి ఆయన మమ్మల్ని చూసి చేతిలో పనిముట్టు అక్కడే పడేసి లేచాడు.

"అయ్యా, కబురంపితే నేనే వస్తును గదా!"

"నేనే రావాల్సిన పని," అంటూ తాతయ్య అంగడి మెట్టెక్కి, గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నారు. "ఆ మూల కొయ్యి నాయనా. నువ్వు ఆపొద్దే చెప్తివి."

ఆయన వజ్రపుకలం తీసి మూత మూల మీద గీత గీశాడు. అద్దం మీద కలం నడిచిన ఆ కీచుమనే చప్పుడుకు తాతయ్య కళ్ళు మూసుకున్నారు. ముక్క విరిగి ఊడిపోయాక తెరిచారు. ఆ ముక్కను ఆయన తీసుకోలేదు. నేను తీసుకున్నాను.

మరుసటి నెల అక్క మరో జత తెచ్చి ఇచ్చింది. వాటిని తాతయ్యే చూసుకున్నారు. మూల కోసిన మూత ఉన్నా, పొద్దున్నే లేచి ఆ నాలుగు గింజలను మూత కింద సర్ది, నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి నీళ్ళు చూసుకున్నాకే కాఫీ తాగేవారు. రెండేళ్ళ తర్వాత ఆయన పోయారు. ఆ రెండేళ్ళలో ఆ ఆదివారం సంగతి ఆయన నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. తెలుసునన్నట్టు చూడను కూడా చూడలేదు. నేను రోజూ ఆయన పక్కనే కూర్చున్నాను. మూత తీయనిది నేనే తాతా అని ఒక్క పొద్దు కూడా అనలేకపోయాను. ఆయనకు తెలిసిన సంగతే ఆయనకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ మాట ఆయన వినడం కోసం కాదు, నేను అనడం కోసం అనాల్సింది. అది నాకు అర్థమయ్యేసరికి వినేవారు లేరు.

చాలా ఏళ్ళకు, నా జుట్టు నెరిశాక, కుప్పం పోయాను. అక్క ఉద్యోగం చాలించి అక్కడే స్థిరపడింది. వయసు మీద పడి కళ్ళు సరిగా ఆనడం లేదు. కూర్చోకముందే చెప్పేశాను, ఆ మూత తప్పు తాతయ్యది కాదు, నాదని. ఆమె చేత్తో తడిమి నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఆపొద్దే తెలుసు పాపా. పెద్దాయన చింతగింజలు ఏరి కిటికీలో వరసగా పెడతాడా?"

"మరి ఎందుకనలేదు అక్కా?"

"ఆ పెద్దాయన జన్మకొకసారి తల వంచినాడు, నీకోసం. దాన్ని అబద్ధం చేసేదానికి నేనెవర్తిని?" చెయ్యి వదలకుండానే, "నువ్వే వచ్చి చెప్తావని ఆయన ఎదురు సూసి ఉంటాడు," అంది. నిందగా అనలేదు. అందుకే ఆ మాట నాకు ఇంకా మింగుడుపడలేదు.

ఆ అద్దాల తొట్టి ఇప్పటికీ నా దగ్గర ఉంది. లప్పం మూడుసార్లు మార్పించాను. పొడుగాకుల గడ్డి ఉంది, అంతరతామర ఉంది, ఒక జత గౌరామి చేపలు ఉన్నాయి. మూల కోసిన మూత కింద నాలుగు చింతగింజలు కూడా ఉన్నాయి, నానిపోయినప్పుడల్లా కొత్తవి పెడతాను. మూత ఎగుడుదిగుడుగా ఉందేమని వచ్చినవాళ్ళు అడుగుతారు. నేను ఇచ్చే మజ్జిగ గ్లాసు అంచుకు తక్కువగా ఉంటుందని చుట్టాలు చాటున నవ్వుకుంటారట. సంజాయిషీలు చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు, చెప్పను.

పొద్దున్నే నీళ్ళు పోసేటప్పుడు అంచుకు నాలుగువేళ్ళ దగ్గర నా చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ఉతికిన పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి నా ముందు తల వంచి నిలబడతాడు. తలుపు చాటున నేను ఇంకా నిటారుగానే నిలబడి ఉంటాను.